మండలం మొత్తానికి ప్లాన్ వేస్తున్నారా? ముందు ఐదో తరగతి పిల్లల చేత ఒక పేరా చదివించి చూడండి

మీరు అడిగింది ఇదీ: మీది ఆదోని వైపు చిన్న మండలం. ముప్పై పైచిలుకు ప్రైమరీ బడులు, ఆరు హైస్కూళ్లు. పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే జిల్లా లిస్టులో మీ మండలం పేరు కింది నుంచి వెతుక్కోవాలి. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మీ ఊళ్ల కుర్రాళ్లంతా కలిసి 12 లక్షలు పోగు చేశారు. ఎం.ఇ.వో. (మండల విద్యాధికారి) గారేమో మూడేళ్లకు ఒక ప్లాన్ రాసుకుని రమ్మన్నారు. ట్యాబులా, డిజిటల్ బోర్డులా, పదో తరగతికి సాయంత్రం ట్యూషన్లా, ఏది ముందు?

ఈ మూడింట్లో ఏదీ ముందు కాదు. మొదటి ఏడాది మొత్తం 3, 4, 5 తరగతుల పిల్లలకు చదవడం, చిన్న లెక్కలు చేయడం రప్పించే పని ఒక్కటే పెట్టుకోండి. రోజూ ఒక గంట. ఆ గంటలో ఎవరు ఏ తరగతి అన్నది పక్కన పెట్టి, ఎవరికి ఎంతవరకు వచ్చో చూసి గుంపులు చేసి చెప్పించండి. ఆ మొదటి ఏడాదికి మీ డబ్బులో సగం కూడా అక్కర్లేదు. పదో తరగతి సంగతి కూడా చెబుతా, కానీ చివర్లో.

నేను ఆ డివిజన్‌లోనే 31 ఏళ్లు పని చేశాను. ఎస్.జి.టి.గా (ప్రైమరీ టీచరుగా) చేరి హెచ్.ఎం.గా (ప్రధానోపాధ్యాయురాలిగా) రిటైరయ్యా. మధ్యలో నాలుగేళ్లు ఇన్‌చార్జి ఎం.ఇ.వో. కుర్చీ మోశా (కుర్చీయే నిన్ను మోసింది అంటారు మా ఆయన). అందుకే మీకు చెప్పేదాంట్లో సగం నేను చేసి చెడగొట్టిన పనులే.

ఎం.ఇ.వో.గా మొదటి ఏడాది నేనూ పదో తరగతి మీదే పడ్డా. వంద రోజుల ప్రణాళిక, రోజూ స్లిప్ టెస్టు, రాత్రి ఎనిమిది దాకా స్టడీ అవర్, ఒక్కో టీచరుకు ఐదుగురు పిల్లల దత్తత, సాయంత్రం శనగ గుగ్గిళ్లు, అరటిపండు. వెనకబడినవాళ్లకు 'మినిమం మెటీరియల్' అని ఇరవై పేజీల జిరాక్సు, అది బట్టీ పడితే పాస్ మార్కులు 35 గ్యారంటీ. ఫలితాలు నిజంగానే ఎగిరాయి. ఆగస్టు 15న ప్రశంసాపత్రం ఇచ్చారు, అది ఇప్పటికీ మా బీరువాలో ఉంది. మరుసటి ఏడాది అదే ప్లాన్, అదే గుగ్గిళ్లు, ఫలితాలు మాత్రం ఎక్కడి నుంచి లేచాయో అక్కడికే వచ్చి పడ్డాయి. ఎందుకో అర్థం కాక తొమ్మిదో తరగతులు తిరగడం మొదలుపెట్టా.

ఒక హైస్కూల్లో ఒక అబ్బాయిని లేపి తెలుగు పాఠం చదవమన్నా. గడగడా చదివేస్తున్నాడు. మాస్టారు నా వైపు చూసి చిన్నగా నవ్వారు కూడా. నాకెందుకో వాడి వేలు మీదికి చూపు పోయింది. వేలు మూడో లైను మీద ఉంది, నోరు ఐదో లైనులో ఉంది. పాఠం మొత్తం కంఠస్థం. బయట గోడ పక్కన పత్తి విత్తనాల ఖాళీ ప్యాకెట్ ఒకటి పడి ఉంటే తెప్పించి, దీని మీద ఏముందో చదువు నాయనా అన్నా. 'వి... ష...' అన్నాడు, 'పూ' దగ్గర ఆగిపోయాడు. తల దించుకుని బొటనవేలితో నేల గీకుతూ నిలబడ్డాడు. 'విషపూరితం' అని ఉంది దాని మీద. సెలవుల్లో వాడు పత్తి క్రాసింగ్ పనికి (విత్తనం కోసం పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని) పోతాడు, అలాంటి ప్యాకెట్లు వాడి చేతుల మీదుగా ఎన్ని పోయి ఉంటాయో. తొమ్మిదేళ్లుగా బడికి వస్తున్నాడు, ప్రతి ఎఫ్.ఏ.లో (బడిలో పెట్టే చిన్న పరీక్షల్లో) మార్కులున్నాయి, ప్రోగ్రెస్ కార్డులో ఎక్కడా సున్నా లేదు.

ఆ పిల్లవాడిని పదో తరగతిలో వంద రోజుల్లో ఏం చేస్తాం చెప్పండి.

ఇది మన మండలాలకే పట్టిన జబ్బేం కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వే ఉంది కదా, 2024 లెక్క ప్రకారం దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగింది 23.4 శాతం. ఐదో తరగతికి వచ్చినా 44.8 శాతమే. అంటే సగం మందికి పైగా రెండో తరగతి పాఠం కూడా చదవడం రాకుండానే ప్రైమరీ బడి చివరికి వచ్చేస్తున్నారు. అక్కడ ఫిజిక్స్ మాస్టారు వచ్చి జడత్వం, ద్రవ్యవేగం అంటే ఆ పిల్లలకు అది ఇంకో భాష.

అందుకని మొదటి పని: పేర్లు రాయండి, శాతాలు కాదు. మండలంలో 3, 4, 5 తరగతుల ప్రతి పిల్లనీ, పిల్లవాడినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి చదివించాలి. అసర్ వాళ్ల కాగితం తెలుగులో ఉచితంగానే దొరుకుతుంది. ఒక పక్క అక్షరాలు, పదాలు, నాలుగు లైన్ల చిన్న పేరా, ఒక చిన్న కథ. ఏమీ రానివాళ్లు, అక్షరాల దగ్గరున్నవాళ్లు, పదాల దగ్గర, పేరా దగ్గర, కథ దగ్గర: అయిదు మెట్లు. లెక్కల్లో కూడా అంతే, అంకెలు గుర్తుపట్టడం దగ్గర మొదలై తీసివేత, భాగహారం దాకా. పిల్లకు ఐదు నిమిషాలు చాలు.

దీన్ని ఆ బడి టీచరు చేత చేయించకండి. వాళ్లు అబద్ధం రాస్తారని కాదు, పిల్లవాడు 'సం' దగ్గర ఆగితే 'సంక్రాంతి రా, చెప్పు' అని తల్లిలా అందించేస్తారు. పక్క బడి టీచరు గానీ, డైట్ కాలేజీలో టీచరు ట్రైనింగ్ చేస్తున్న ఛాత్రోపాధ్యాయులు గానీ, మీ ఊళ్ల డిగ్రీ పిల్లలు గానీ రావాలి. తరగతి గదిలో అందరి ముందూ వద్దు. వరండాలో ఒక చాప వేసుకుని చేయండి, లేకపోతే రానివాడు బిగుసుకుపోతాడు. ఫలితం ఆన్‌లైన్‌లో ఎక్కించుకుంటే ఎక్కించుకోండి గానీ, ముందు ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాయండి: పేరు, తరగతి, ఊరు, చదవడంలో ఏ మెట్టు, లెక్కల్లో ఏ మెట్టు, అమ్మ ఫోన్ నంబరు. ఇంకో గడి కూడా గీయండి, 'ఏ నెలలో సుగ్గికి (కూలి పనులకు వలస) పోతారు' అని. అది ఎందుకో కింద చెబుతా.

మీరు సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి ఇక్కడ ఒక హెచ్చరిక. టెస్టు పెట్టి, డ్యాష్‌బోర్డు చేసి, 'మీ బడిలో పిల్లలు ఇదిగో ఇక్కడున్నారు' అని టీచర్ల చేతికి రిపోర్టు ఇస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. అవ్వదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005 నుంచి అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ నిర్వహణలో 5 జిల్లాల్లో, 500 బడుల్లో పెద్ద అధ్యయనం జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు చేశారు. అందులో ఒక భాగం సరిగ్గా ఇదే: కొన్ని బడులకు పిల్లల పరీక్షల వివరమైన రిపోర్టులు ఇచ్చారు, అప్పుడప్పుడూ వెళ్లి చూసొచ్చారు. చూడ్డానికి వెళ్లినప్పుడు టీచర్లు బాగానే కష్టపడుతూ కనిపించారట, ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. అది చదివినప్పుడు నవ్వొచ్చింది నాకు. నేను ఇన్‌స్పెక్షన్‌కి పోయినప్పుడల్లా బ్లాక్‌బోర్డు తళతళలాడుతూ ఉండేది మరి.

రిపోర్టు తర్వాత ఏం చేస్తారన్నదే అసలు సంగతి. ఆ తర్వాత చేయాల్సింది ఆ గంట.

ఆ గంటను టైంటేబుల్లో పెట్టించి, దాని జోలికి ఎవరూ రాకుండా చూడండి. ప్రథమ్ వాళ్లు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందంతో కలిసి (2019లో నోబెల్ వచ్చిందే, వాళ్లే) ఈ పద్ధతిని చాలా రాష్ట్రాల్లో పరీక్షించారు. టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చి, పుస్తకాలిచ్చి, మీ ఇష్టం అని వదిలేసిన చోట పెద్దగా ఏమీ కాలేదు. ఎందుకంటే టీచరు మళ్లీ సిలబస్‌లోకే వెళ్లిపోతారు, అది పూర్తి కాకపోతే అడిగేవాళ్లున్నారు, చదవడం రాకపోతే అడిగేవాళ్లు లేరు. హర్యానాలో రోజుకు ఒక గంట విడిగా పెట్టి, ఆ గంట పిల్లలను తరగతి బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి కూర్చోబెట్టినప్పుడు మాత్రం హిందీ చదవడంలో మెరుగుదల కనిపించింది. లెక్కల్లో కనిపించలేదు, అది కూడా చెప్పాలి. లెక్కలకు మీరు వేరే తంటాలు పడాలి.

మా దగ్గర ఆ గంటను ఉదయం ప్రార్థన అయిన వెంటనే పెట్టా. కొందరు హెచ్.ఎం.లు చివరి పీరియడ్ పెడదామన్నారు. వద్దన్నా. చివరి పీరియడ్ అంటే ఆటలు, మీటింగు, వాన, టీచరు బస్సు, ఏదొచ్చినా ముందు కోత పడేది దానికే.

గుంపులు అంటే ఐదో తరగతి పిల్ల మూడో తరగతి వాళ్లతో కూర్చోవాలి. పెద్దపిల్లలకు నామోషీ. దానికి మా సి.ఆర్.పి. (కొన్ని బడులకు తిరిగి సాయం చేసే ఉద్యోగి) ఒకామె చేసిన ఉపాయం బాగుండేది. గుంపులకు నంబర్లు, గ్రేడులు పెట్టకుండా సజ్జ గుంపు, కొర్ర గుంపు, జొన్న గుంపు అని పెట్టి, పదిహేను రోజులకోసారి మళ్లీ చదివించి మార్చేది. 'మేడం, నేను కొర్రలోంచి జొన్నలోకి పోయినా' అని పిల్లలు గేటు దగ్గరే చెప్పేవాళ్లు. గుంపు మారడం ఉంటేనే ఇది నడుస్తుంది. జూన్‌లో వేసిన గుంపే మార్చి దాకా ఉంటే అది మొద్దుల బెంచీ అయిపోతుంది, మనం చిన్నప్పుడు చూసిందే.

ఏం చెప్పాలి అంటే, తెలుగులో ఒక చిక్కుంది. మనవాళ్లు అ, ఆ నుంచి ఱ దాకా పూర్తయితే తప్ప పదంలోకి పోరు. ఆ తర్వాత గుణింతాలు మొత్తం, ఆ తర్వాత ఒత్తులు. ఈ లోపల రెండేళ్లు గడిచిపోతాయి, పిల్లవాడు అర్థమున్న ముక్క ఒక్కటి చదివి ఉండడు. మొదటి వారంలోనే తల, వల, పలక, కలప లాంటి మాటలు చదివించండి, నాలుగైదు అక్షరాలతోనే ఎన్ని మాటలొస్తాయో చూడండి. ఆపై దీర్ఘాలు, కొమ్ములు. మా పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది రెండు చోట్ల: ఎత్వం-ఏత్వం, ఒత్వం-ఓత్వం తేడా దగ్గర, వేరే అక్షరం ఒత్తు వచ్చిన చోట. 'అమ్మ', 'అక్క' చదివినవాడు 'భక్తి' దగ్గర చతికిలబడతాడు. దాన్ని విడిగా ఒక నెల కూర్చుని చెప్పాల్సిందే. ఇంకోటి, సరిహద్దు ఊళ్లలో ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలుంటారు, వాళ్లకు పాఠంలోని తెలుగే కొత్త. ముందు మాట్లాడించండి. వాళ్లు చెప్పిన మాటలే బోర్డు మీద రాసి, అవే చదివించండి. లెక్కల్లోనైతే తీసివేతలో పక్కింటి నుంచి అప్పు తెచ్చుకునే చోట సగం మంది పోతారు. చింతగింజలు, పుల్లల కట్టలు తప్ప దానికి మందు లేదు.

ఇప్పుడు నోట్‌బుక్కులో గీయమన్న ఆ సుగ్గి గడి సంగతి. మన మండలాల్లో విద్యా సంవత్సరం జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఉండదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పత్తి క్రాసింగు. దసరా, దీపావళి దాటాక పత్తి తీతకూ, ఆ తర్వాత మిరప కోతలకూ గుంటూరు వైపు బండ్లు కదులుతాయి. ఊళ్లో ఇళ్లకు తాళాలు, లేదంటే గుమ్మంలో ముసలివాళ్లు. పిల్లలు వెళితే ఉగాదికి గానీ రారు. ఈ సంగతి తెలియకుండా 'నవంబరులో మిడ్‌లైన్, ఫిబ్రవరిలో ఎండ్‌లైన్' అని (మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి చదివించి చూడటం) రాసుకుంటే మీ ప్లాన్ ఉన్న పిల్లలకే, వెళ్లిపోయిన పిల్లలకు కాదు, తీరా చూస్తే చదవడం రానివాళ్లలో ఎక్కువమంది వెళ్లిపోయినవాళ్లే.

కాబట్టి బేస్‌లైన్, అంటే మొదట చదివించి చూసే పని, జూన్ మూడో వారానికల్లా అయిపోవాలి, దసరా లోపల కనీసం 70 రోజులు ఆ గంట నడవాలి. సుగ్గికి పోయే ఇళ్ల లిస్టు సెప్టెంబరులోనే తయారు చేసుకుని, ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం కింద సీజనల్ హాస్టల్ (వలస నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండేందుకు) పెట్టమని ఎం.ఇ.వో. ద్వారా ముందే ప్రతిపాదన పంపించండి. బండ్లు కదిలాక పంపితే మంజూరు వచ్చేసరికి మిరప కోతలు అయిపోతాయి, నాకు ఒక ఏడాది అట్లాగే అయింది. హాస్టల్ వచ్చినా అవ్వ దగ్గర వదిలి వెళ్లడానికి తల్లులు ఒప్పుకోవాలి. ముఖ్యంగా ఆడపిల్ల తల్లులు. అక్కడ రాత్రి కాపలా ఎవరు ఉంటారు, బాత్రూముకు తలుపుందా అని వాళ్లు అడుగుతారు, ఆ రెండూ తేల్చి చెప్పగలిగితేనే ఇల్లిల్లూ తిరగండి.

డబ్బు దగ్గరికొస్తే, ట్యాబుల మాట మరిచిపోండి. 2022లో ప్రభుత్వమే ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చింది, ఐ.ఎఫ్.పి. ప్యానెళ్లు (డిజిటల్ బోర్డులు) కూడా చాలా హైస్కూళ్లలో గోడకున్నాయి. ముందు ఉన్నవి పని చేస్తున్నాయో లేదో మీ మండలంలో ఒక ఆదివారం తిరిగి చూసి రండి.

నోట్‌బుక్కులు, బ్యాగులు పంచాలని కూడా అనుకోవద్దు. ఇందాక చెప్పిన ఉమ్మడి ఆంధ్ర బడుల మీదే ఇంకో పరిశోధన ఉంది. బడికి డబ్బిచ్చి పిల్లలకు కావలసినవి కొనమంటే, మొదటి ఏడాది ఎవరూ ఊహించలేదు కాబట్టి మార్కులు కాస్త పెరిగాయి. రెండో ఏడాది వస్తాయని తెలిసి తల్లిదండ్రులు తమ జేబులోంచి పెట్టేది తగ్గించుకున్నారు, మార్కుల్లో లాభం పోయింది. తప్పు పట్టడానికేం లేదు, మిగిలిన డబ్బు ఇంట్లో ఇంకో అవసరానికి పోయి ఉంటుంది. మీకు కావలసింది చదువైతే, వాళ్లు ఎలాగూ కొనేవాటికి పెట్టకండి.

నేనైతే ఇట్లా పెడతా. ప్రతి బడికీ చిన్న కథల పుస్తకాలు, పెద్ద అక్షరాలవి, పిల్లకు రెండు చొప్పున, చిరిగిపోయినా ఫర్వాలేదనుకుని. బీరువాలో పెట్టి తాళం వేయకుండా తాడు కట్టి వేలాడదీయాలి. ఏకోపాధ్యాయ బడుల్లో ఆ గంటకు ఊళ్లోనే చదువుకున్న ఒక అమ్మాయికి నెలకింత అని గౌరవ వేతనం. డబ్బులో పెద్ద వాటా దానికే పోనివ్వండి, ఎందుకంటే ఒక్క టీచరు ఐదు తరగతులూ, మధ్యాహ్న భోజనం, ఫోన్‌లో ఫోటోలూ చూసుకుంటూ మూడు గుంపులు నడపలేరు. ఆ అమ్మాయిలను నెలకోసారి కాంప్లెక్స్ మీటింగ్ (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే మీటింగు) రోజున కూర్చోబెట్టి మాట్లాడాలి, బస్సు చార్జీ ఇవ్వాలి. మిగిలింది మూడో ఏడాదికి దాచుకోండి, ఉత్సాహం అయిపోయేది అప్పుడే.

ఏదైనా బడి కమిటీ తీర్మానంతోనే చేయండి. విద్యా హక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది ఆ కమిటీయే, దాంట్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మీ ప్లాన్ పైనుంచి వచ్చిన ఇంకో సర్క్యులర్‌లా ఉంటే టీచర్లు రిజిస్టర్లో నడుపుతారు, బడిలో కాదు.

టీచర్ల గురించి ఒక మాట. వాళ్లను తిడుతూ మొదలుపెట్టొద్దు. మన మండలాల్లో సగం సమస్య ఖాళీలు. బదిలీల కౌన్సెలింగ్‌లో పాయింట్లు ఎక్కువని వస్తారు, పాయింట్లు నిండగానే పోతారు, వాళ్లకూ పిల్లలున్నారు. ఖాళీలు నింపడం ఎం.ఇ.వో. చేతిలో లేదు, పని సర్దుబాటు కింద పిల్లలు తక్కువున్న బడి నుంచి ఎక్కువున్న బడికి పంపమని పైకి రాయడం మాత్రం చేతిలో ఉంది. ఆ లిస్టు మీరు తయారు చేసిస్తే ఆయనకు సగం బరువు తగ్గుతుంది.

ఇక పదో తరగతి. ఈ మూడేళ్లూ ఆ పిల్లలను గాలికి వదలమనను. గుగ్గిళ్లు పెట్టండి, స్టడీ అవర్ నడపండి. కానీ ఫెయిలయ్యేది ఎక్కడో చూడండి: ప్రతి సబ్జెక్టుకూ 35 రావాలి, హిందీకి 20 చాలు, పోయేది ఎక్కువగా లెక్కలు, సైన్సు. ట్యూషన్ అన్ని సబ్జెక్టులకూ పెట్టకుండా ఈ రెంటికే పెట్టించండి, అది కూడా ఎనిమిదో తరగతి చివరి నుంచి. ఇంకోటి, జనవరి తర్వాత రావడం మానేసినవాళ్ల ఇళ్లకు వారంవారం మనిషి వెళ్లాలి. హాల్ టికెట్ వచ్చి పరీక్షకు రాని పిల్లలను మేము లెక్కించేవాళ్లమే కాదు, ఒకసారి లెక్కిస్తే తల తిరిగింది.

ఈ ప్లాన్‌తో మొదటి రెండేళ్లు పదో తరగతి శాతం పెద్దగా కదలదు. చందా ఇచ్చినవాళ్లు గ్రూపులో అడుగుతారు, ఇప్పుడే చెప్పి పెట్టుకోండి. బ్రెజిల్‌లో సొబ్రాల్ అని ఒక పట్టణం ఉంది, పేద ప్రాంతం, వానలు అంతంత మాత్రం, మనలాంటిదే. చిన్నపిల్లలందరికీ చదవడం రావాలని పట్టు పట్టి, 2005లో దేశవ్యాప్త విద్యా సూచీలో 1,366వ స్థానంలో ఉన్నది 2017కు మొదటి స్థానానికి వచ్చింది. పన్నెండేళ్లు పట్టింది. మీవాళ్లు మూడేళ్లకు ఒప్పుకున్నారు కాబట్టి, వాళ్లకు చూపించే అంకె మార్చండి: 'ఐదో తరగతిలో కథ చదవగలిగినవాళ్లు ఎంతమంది'. అది ఆరు నెలల్లోనే కదులుతుంది.

బేస్‌లైన్ అయ్యాక ఆ నోట్‌బుక్కులో ఒక బడి పేజీ, పిల్లల పేర్లు కాగితంతో కప్పి, ఫోటో తీసి పెట్టండి. ఎన్ని గుంపులు చేయాలో, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో అది చూసి చెబుతా. లెక్కల మెట్లు కూడా కనిపించేలా తీయండి.